ఆరు డబ్బాల దగ్గు

ముప్ఫై ఒక్క సంవత్సరాలు సూరత్‌లో మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డాను. ఏమేం మందులు అమ్మావని ఎవరైనా అడిగితే పెద్ద పెద్ద పేర్లు చెబుతాను కానీ, ఉన్న మాట ఒప్పుకోవాలంటే అందులో సగం గ్యాస్ గోలీలే. నా ఫార్మసీ డిగ్రీ అద్దం బిగించుకుని గోడకు వేలాడేది. దాని కింద నిలబడి నేను గులాబీ రంగు సిరప్పు సీసాలు అందిస్తూ ఉండేదాన్ని.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. లైసెన్సులు, స్టాకు రిజిస్టర్లు, తనిఖీకి వచ్చే అధికారులు, వీటి సంగతి రాయను. అవి ఎలాగూ మీ నెత్తిన పడతాయి, పడ్డాక మీరే నేర్చుకుంటారు. కౌంటరు అవతల నిలబడ్డ మనిషిని ఏం అడగాలో మాత్రం ఎవరూ నేర్పరు. నాకు నేర్పినాయన ఒకరున్నారు. ఆయన మాట నేను ఇరవై ఏళ్లు చెవిన పెట్టలేదు.

కాకా ప్రశ్న

మా షాపు నవాగామ్‌లో. చుట్టుపక్కల నాలుగంతస్తుల మేడల్లో ఒక్కో గదిలో ఒక్కో సంసారం. కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుకునేవాళ్లు ఎక్కువ. పాండేసర అద్దకం మిల్లులకు సైకిళ్ల మీద పోయేవాళ్లూ ఉన్నారు. నాదీ ఆ వైపు ఊరే కాబట్టి నాకు జీతంతో పాటు 'అక్క' అన్న హోదా కూడా దక్కింది.

షాపు యజమాని రమణీక్‌కాకా గుజరాతీ ఆయన. నన్ను 'బెన్', అంటే చెల్లీ, అనేవాడు. వ్యాపారి అన్నాక గిరాకీ రాగానే సరుకు చేతిలో పెట్టి పంపాలి కదా. ఈయన అట్లా కాదు. గ్యాస్ గోలీ అడిగితే చాలు, పోలీసు విచారణ మొదలుపెట్టేవాడు. రాత్రి ఎన్ని గంటలకు తిన్నావు? తిన్నాక ఏం చేశావు? వెనక పదిమంది నిలబడి ఉన్నా సరే, జవాబు వచ్చేదాకా గోలీ ఇచ్చేవాడు కాదు.

"ఏం తిన్నావని అడగకు బెన్. అందరూ ఖిచిడీ అనే చెబుతారు," అనేవాడు. "ఎన్ని గంటలకు తిన్నాడో అడుగు. టైము విషయంలో అబద్ధం ఆడాలని ఎవరికీ తోచదు."

'సూరత్‌లో భోజనం, కాశీలో మరణం' అని ఇక్కడివాళ్ల సామెత. జన్మకు ఆ రెండూ దక్కాలట. మరణం సంగతి కాశీ చూసుకుంటుంది కానీ భోజనం మాత్రం ఈ ఊళ్లో రాత్రి పదింటికి మొదలవుతుంది. రోడ్డు పక్కన బండి దగ్గర నిలబడి తిని, ఇంటికొచ్చి మళ్లీ ఇంటి తిండి తిని, మంచమెక్కి, రెండింటికి గుండెల్లో మంట అని లేచి కూర్చుంటారు. పొద్దున షట్టరు తీసేసరికి మా ముందు ఉంటారు.

ఇచ్ఛాపూర్ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే ఆంధ్రా ఇంజనీరు ఒకాయన పదిహేను రోజులకోసారి కారులో వచ్చి గోలీల పట్టీలు పట్టుకుపోయేవాడు. కాకా ఆయన్నీ వదల్లేదు. రాత్రి లైటుగానే తింటానండీ అన్నాడాయన. ఎన్ని గంటలకని కాకా. పదకొండున్నరకు పెరుగన్నమండీ అన్నాడు. దానికి ముందు? బిర్యానీ అట. ఆ తర్వాత? పడుకుని ఫోన్ చూసుకుంటాడట. కాకా గోలీల పట్టీ వెనక్కి లాక్కుని, దీనికి మందు నా దగ్గర లేదు, ఫర్నిచర్ షాపులో ఉంది, కుర్చీ కొనుక్కుని మూడు గంటలు కూర్చో అన్నాడు. ఇంజనీరు మళ్లీ మా షాపు మెట్లెక్కలేదు. ఎదురుగా ఉన్న షాపులో కొనుక్కుని, మాకు కనిపించేలా పట్టీ ఊపుకుంటూ పోయేవాడు.

వైద్యం ప్రకారం కాకా చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనదే. గొంతు నుంచి కిందికి దిగే గొట్టానికీ అన్నాశయానికీ మధ్య ఒక మూతలాంటి కండరం ఉంటుంది. కడుపు నిండా తిని వెల్లకిలా పడుకుంటే ఆ మూత సరిగ్గా బిగుసుకోక, లోపలి పులుపు పైకి ఎగదన్నుతుంది. ఛాతీలో మంట, నోట్లో పుల్లనీళ్లు, ఒక్కోసారి ఏ మంటా లేకుండా వట్టి దగ్గు. నిలబడో కూర్చునో ఉంటే కడుపు తన పని తాను చేసుకుంటుంది. తిన్నదాని బరువు కిందికి, మనిషి నిద్ర ఆ తర్వాత. ఇంతే సంగతి. ఇది పరీక్షలో రాసి నేను మంచి మార్కులే తెచ్చుకున్నాను. కౌంటరు దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకసారి నేను గ్యాస్ గోలీ ఇవ్వబోతుంటే కాకా నా చెయ్యి పట్టుకున్నాడు. ఎదురుగా ఉన్నాయన చొక్కా చెమటకు తడిసి ఉంది, ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. ఎన్ని గంటలకు తిన్నావంటే నిన్నటి నుంచి ఏమీ తినలేదన్నాడు. కాకా వెంటనే షట్టరు దించి, ఆయన్ని రిక్షాలో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అది గుండె. మనిషి బతికాడు. ఛాతీలో మంట అన్న ప్రతివాడికీ గ్యాసే అనుకోకండి. ఆ ప్రశ్న అడిగేది అందుకు కూడా.

కాకా కరోనాకు రెండేళ్ల ముందు పోయాడు. ఆయన పోయాక నేను ఆ ప్రశ్న అడగడం పూర్తిగా మానేశాను. గిరాకీ చకచకా కదిలేది. చాలా తెలివైనదాన్ననుకున్నాను.

కనకయ్య దగ్గు

మా మేడలో రెండో అంతస్తులో కనకయ్య, రాజవ్వ, ఇద్దరు పిల్లలు ఉండేవాళ్లు. కనకయ్యది ముప్ఫై ఏళ్లుగా ఒకే ఖాతాలో పని. ఖాతా అంటే సూరత్‌లో మగ్గాల షెడ్డు. ఎనిమిది సాంచాలు చూసుకునేవాడు, ఎక్కువగా రాత్రి పాళీ, అంటే నైట్ డ్యూటీ. కరోనా మొదటి లాక్‌డౌన్‌లో ఖాతాలన్నీ మూతపడ్డాయి. చాలామంది దొరికిన బండెక్కి ఊళ్లకు పోయారు. కనకయ్య పోలేదు. అప్పుడే మొదలైంది దగ్గు.

పగలంతా మామూలుగా ఉండేవాడు. రాత్రి పడుకున్న గంటకు ఖళ్లుఖళ్లుమని మేడంతా లేచేలా దగ్గేవాడు. ఆ రోజుల్లో దగ్గంటే ఎట్లా ఉండేదో మీకు గుర్తుందా? తుమ్మినవాడి వంక దొంగను చూసినట్టు చూసేవాళ్లు. పరీక్ష చేయిస్తే కరోనా లేదని వచ్చింది. మేడలో ఒక్కరూ నమ్మలేదు. రిపోర్టుకేం తెలుసు, చెవులతో వింటున్నాం కదా అన్నారు. పద్నాలుగు రోజులు డాబా మీద ఉండమని అందరూ కలిసి తీర్మానించారు. మంచం ఎత్తుకుని ఆయన నీళ్ల ట్యాంకుల మధ్యకు మారాడు. పద్నాలుగు రోజులైంది. దగ్గు తగ్గకపోగా రెట్టింపైంది, ఇంకా పైనే ఉండమన్నారు.

ఇంతలో ఖాతాలు తెరిచారు. ఖాతా యజమాని సేఠ్‌కు మనుషులు కావాలి, కనకయ్యలాంటి పనివాడు మరీ కావాలి. కానీ ఖాతాలో మిగిలిన అయిదుగురూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆ దగ్గు లోపలికి వస్తే మేం బయటికి పోతామన్నారు. సేఠ్ ఇరవై రోజులు గడువిచ్చాడు. ఆ లోపల దగ్గు లేకుండా వస్తే సరి, లేకపోతే ఎనిమిది సాంచాలూ ఇంకొకరికి. ముప్ఫై ఏళ్ల పని పోతే ఈ వయసులో, ఆ రోజుల్లో, ఇంకెవరు పెట్టుకుంటారు? రాజవ్వ కౌంటరు దగ్గరికి వచ్చి, "అక్కా, ఎట్లన్న జేసి ఆ దగ్గు బంద్ జెయ్యి, నీ కాళ్లు మొక్కుత," అంది.

నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి. డాక్టరు ఫోన్‌లో చూసి ఊపిరితిత్తులు బాగానే ఉన్నట్టున్నాయి అన్నాడు. దగ్గు సిరప్పు రాశాడు. అది పనిచేయలేదని నేను ఇంకో రంగు సిరప్పు ఇచ్చాను. తర్వాత మరో రంగుది. ఇవి చాలవన్నట్టు కషాయం మొదలుపెట్టాను. అప్పట్లో దేశమంతా మిరియాలు, శొంఠి, లవంగాలు మరిగించుకుని తాగుతోంది కదా. అందరూ ఒక గ్లాసు తాగితే కనకయ్యకు రెండు గ్లాసులు పంపాను, మిరియాలు కూడా రెండింతలు వేసి. పుండు మీద కారం చల్లడమంటే అదే. తొమ్మిది రోజులు గడిచిపోయాయి. మిగిలినవి పదకొండు.

డాబా మీద

చివరికి కళ్లారా చూద్దామని ఒక పొద్దున డాబా ఎక్కాను. రెండు మాస్కులు, ముఖానికి ప్లాస్టిక్ డాలు, చేతులకు తొడుగులు, నెత్తికి టోపీ. నన్ను చూసి కనకయ్య భయంతో లేచి నిలబడ్డాడు.

పిట్టగోడ మీద కడిగి బోర్లించిన స్టీలు టిఫిన్ డబ్బాలు ఎండుతున్నాయి. ఒకటి కాదు, ఆరు. మన ఇళ్లల్లో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం కదా, ఒక్కో పేరే చదువుకుంటూ పోయాను. మొదటి అంతస్తువాళ్లది, మూడో అంతస్తులో నర్సవ్వది, ఎదురు గదివాళ్లది, ఇంకో ఇద్దరివి. చివరిదాని మీద మా అత్తగారి పేరుంది.

ఆ డబ్బా నేనే పంపుతున్నాను. షాపు కట్టేసి వచ్చి, వంట చేసి, మేడంతా తలుపులు వేసుకున్నాక, ఎవరూ చూడకుండా డాబా మెట్ల మీద పెట్టి వచ్చేదాన్ని. చూస్తే, రోగం దగ్గరికి పోయి వచ్చిందని షాపుకు రావడం మానేస్తారని భయం. మేడలో ఆయన్ని తలుచుకునేదాన్ని నేనొక్కదాన్నే అని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. మిగతా అయిదిళ్లవాళ్లూ సరిగ్గా ఇట్లాగే భయపడి, ఇట్లాగే గర్వపడ్డారన్నమాట. ఒకరి తలుపు పడ్డాక ఒకరు మెట్లెక్కారు.

"ఎవలకు జెప్పకు అక్కా," అన్నాడు కనకయ్య. "ఒక్కొక్కలు ఒక్కొక్క యాళ్లకు వచ్చి పెట్టి పోతుండ్రు. ఎవల సంగతి ఎవలకు ఎరుక లేదు."

"అన్నీ తింటున్నవా?"

కనకయ్య తలవంచుకున్నాడు. "పారెయ్యనీకి చేతులు రాలేదక్కా. లాక్‌డౌన్‌ల పది రోజులు పోరలకు గంజి పోసినం. ఇప్పుడు అన్నం ఇడిసిపెట్టాలంటే బయమైతది. వాపస్ పంపితే మాత్రం ఏమనుకుంటరు? పాపమని పెడితే వద్దన్నడు అంటరు."

గంజి సంగతి నాకు తెలియదు. అదే మేడలో, కింది అంతస్తులో ఉండి తెలియలేదు. నాకు చాలా సిగ్గేసింది. మాట మార్చడానికి నోట్లోంచి ఏదో ఒకటి రావాలి కదా, వచ్చింది. కాకా ప్రశ్న వచ్చింది.

"రాత్రి ఎన్ని గంటలకు తిన్నవ్?"

"మొదటి డబ్బా తొమ్మిదింటికి. ఆఖరిది పదకొండు దాటినంక," అన్నాడు. "ఆఖరిది నీదే అక్కా. పచ్చిమిర్చి తొక్కు మస్తుగుంటది."

తిన్నాక ఏం చేస్తున్నావని అడగక్కర్లేకపోయింది. మధ్యలో గుంట పడ్డ నవారు మంచం ఎదురుగానే ఉంది. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. ముప్ఫై ఏళ్లు ఆయన రాత్రి పాళీలో ఒంటిగంటకు అన్నం తిన్నాడు. ఏమీ కాలేదు. ఎందుకంటే తిన్న వెంటనే లేచి పొద్దున ఏడింటిదాకా ఎనిమిది సాంచాల మధ్య తిరిగాడు. ఖాతా మూతపడ్డాక ఆకలి మాత్రం అదే వేళకు వచ్చింది, తిరగడం పోయింది. తిని పడుకోవడం మొదలైంది, దగ్గు మొదలైంది. దగ్గుతున్నాడని జాలిపడి మేం ఆరు డబ్బాలు పంపాం. ఒకపూట తింటే యోగి, రెండుపూటలా తింటే భోగి, మూడుపూటలా తింటే రోగి అన్నారు పెద్దలు. రాత్రికి రాత్రే ఆరుపూటలు తినేవాణ్ణి ఏమనాలో వాళ్లు చెప్పి పోలేదు.

పన్నెండు గంటల మెట్లు

డాక్టరుకు మళ్లీ ఫోన్ చేసి టైములతో సహా చెప్పాను. ఈసారి ఆయన నవ్వి, సిరప్పులు ఆపించి, పొద్దున పరగడుపున వేసుకునే క్యాప్సూల్ ఒకటి రాశాడు. రాత్రి భోజనం ఆరున్నరకల్లా అయిపోవాలి, మూడు గంటలదాకా నడుం వాల్చకూడదు, మంచం తలాపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాలి, కారం, కషాయం బంద్ అన్నాడు.

అన్నిటికన్నా కష్టమైన పని డబ్బాలు ఆపడం. ఆపమంటే పెడుతున్నట్టు నాకు తెలుసని ఒప్పుకోవాలి, అట్లా ఒప్పుకుంటే నాదీ బయటపడుతుంది. అందుకని కౌంటరు దగ్గరికి వచ్చిన ఒక్కొక్కరికీ గాలికి చెప్పినట్టు చెప్పాను. కనకయ్యకు ఎవరైనా ఏమైనా పెట్టాలనుకుంటే మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టాలట, చప్పగా ఉండాలట, డాక్టరు అన్నాడు అని. నర్సవ్వ పైట సర్దుకుని, "ఎవలు పెడుతుండ్రో ఏమో, మాకేమెరుక బిడ్డా," అంది. మిగతావాళ్లూ అదే మాట.

మర్నాడు సరిగ్గా పన్నెండింటికి మా మేడలో ఆరు తలుపులు ఒకేసారి తెరుచుకున్నాయి. మెట్ల మీద ఆరుగురం, ఆరు మాస్కులు, ఆరు డబ్బాలు. నెలల తరబడి ఒకరి గడప ఒకరం తొక్కలేదు. నా చేతిలో డబ్బా దాచుకోవడానికి కొంగు చాలలేదు. ముందు నర్సవ్వ నవ్వింది, మెట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నీ డబ్బాలో ఏముందంటే నీ డబ్బాలో ఏముందని మూతలు తీసి చూసుకున్నాం. ఆరింట్లోనూ పెసరపప్పే. రోజుకొక ఇల్లు చొప్పున వంతులు వేసుకుని, అయిదు డబ్బాలు వెనక్కి తీసుకుపోయాం. నా వంతు శనివారం పడింది.

ఒక్క రాత్రిలో తగ్గిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మొదటి నాలుగు రోజులు ఏమీ తేడా లేదు. అర్ధరాత్రి ఆకలికి తట్టుకోలేక కనకయ్య నన్నూ డాక్టరునూ కలిపి తిట్టాడని రాజవ్వే చెప్పింది. నిద్ర పట్టక ట్యాంకుల చుట్టూ, సాంచాల మధ్య తిరిగినట్టు తిరిగేవాడు. అయిదో రాత్రి దగ్గు ఆలస్యంగా వచ్చింది. ఎనిమిదో రాత్రి రెండుసార్లే. పదో రాత్రి మేడంతా చెవులు రిక్కించుకుని పడుకున్నాం. ఒకసారి గొంతు సవరించుకోవడం వినిపించింది, అంతే.

ఖాతా గేటు

గడువు ముగిసే రోజు పొద్దున ఏడింటికి ఖాతా గేటు దగ్గరికి నేనూ వెళ్లాను, సాక్ష్యానికి. సేఠ్ స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. గేటు లోపల ఆ అయిదుగురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. షరతు తేలికే. కనకయ్య అరగంటసేపు గేటు బయట నిలబడాలి. దగ్గితే ఇంటికి, దగ్గకపోతే లోపలికి. అవసరమైతే దగ్గులు రకరకాలని సేఠ్‌కు హిందీలో వివరిద్దామని రాత్రంతా వాక్యాలు కూర్చుకుని వచ్చాను.

పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. కనకయ్య కదలకుండా నిలబడ్డాడు, చెంపల మీంచి చెమట కారుతోంది. రాజవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకో అయిదు నిమిషాలుంటాయనగా ఖళ్లుమని దగ్గు.

అయిదుగురూ రెండడుగులు వెనక్కి వేశారు. సేఠ్ స్కూటరు దిగాడు. కనకయ్య నా వైపు తిరిగాడు, ఎందుకంటే దగ్గింది నేను.

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. పాతికేళ్లుగా షాపు కట్టేసి వచ్చి రాత్రి పదకొండింటికి తినేదాన్ని. తిని పడుకునేదాన్ని. పొద్దున గొంతులో గరగర అంటే సూరత్ దుమ్ము అనుకునేదాన్ని. నా సంచీలో గ్యాస్ గోలీల పట్టీ లేని రోజు లేదు. ఆపుదామనుకున్నకొద్దీ దగ్గు ఎక్కువైంది, మాస్కు లోపల ఊపిరాడలేదు.

కనకయ్య అందరికీ వినబడేలా, తాపీగా అడిగాడు. "అక్కా, రాత్రి ఎన్ని గంటలకు తిన్నవ్?"

"పదకొండున్నరకు."

"తిన్నంక?"

"పండుకున్న."

గేటు లోపల అయిదుగురిలో ఒకడు పక్కకు తిరిగి నవ్వాడు. ఇంకొకడు తన ఛాతీ రుద్దుకుంటూ, నాకు కూడా పొద్దున గిట్లనే వస్తది అన్నాడు. సేఠ్‌కు హిందీలో చెప్పాల్సిందంతా వాళ్లే చెప్పారు, నాకన్నా బాగా చెప్పారు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, గడియారం చూసి, కనకయ్యను లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు. కాసేపటికి ఎనిమిది సాంచాలు ఒకదాని వెనక ఒకటి మొదలైన చప్పుడు గేటు దాకా వినిపించింది. రాజవ్వ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దగ్గు మీదికి తోశాను.

ఆ సాయంత్రం ఆరున్నరకు షాపు కౌంటరు మీదికి స్టీలు డబ్బా ఒకటి వచ్చింది. తెచ్చింది రాజవ్వ. మూత మీద మా అత్తగారి పేరుంది. లోపల సొరకాయ పప్పు, అన్నం, కారం లేదు. ఏడయ్యేలోపు తినాలని కనకయ్య చెప్పి పంపాడట. గ్యాస్ గోలీల కోసం ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆగమని చెప్పి, స్టూలు లాక్కుని, కాకా కూర్చునే చోట కూర్చుని, డబ్బా ఖాళీ చేశాను. చెయ్యి కడుక్కుని వచ్చి మొదటివాణ్ణి అడిగాను, రాత్రి ఎన్ని గంటలకు తిన్నావని.